జాడ తెలియని పద్నాలుగు మంది

సోమవారం పొద్దున రామకాంత్ ఆ కాగితం తెచ్చి వేదశ్రీ మేడమ్ బల్ల మీద పెట్టేసరికి మరియదాసు అదే గదిలో మూల నిలబడి ఫ్రీజరులో మంచు గోకుతున్నాడు. ప్లాస్టిక్ గరిటెతో గోడలకి పట్టిన మంచు గోకి, బకెట్లో పోసి, శాంపిల్ డబ్బాలు మళ్ళీ వరసలో సర్దడం అతని సోమవారం పని. ఇరవై రెండేళ్ళుగా ఆ పరిశోధన సంస్థలో అతనికి సోమవారం అంటే వేళ్ళు కొంకర్లు పోవడమే.

"పద్నాలుగు మంది మేడమ్. మూడుసార్లు మనుషుల్ని పంపాం. ఆ పేర్లతో మా ఊళ్ళో ఎవరూ లేరంటున్నారు. జాడ తెలియనివారు అని రాసి మూసేద్దాం. శుక్రవారం కమిటీ ఉంది కదా," అన్నాడు రామకాంత్.

లెక్కలన్నీ చూసే ఆఫీసరతను. చొక్కా మీద ముడత ఉండదు. గుంటూరు దాటి ఒక్క పల్లెకి వెళ్ళిన పాపాన పోలేదు గానీ, ఏ పల్లెలో ఎందరున్నారో నొక్కి చెప్పేస్తాడు.

"వైరస్ దొరికింది ముప్పై ఒక్క మందికి. అందులో పద్నాలుగు మంది అసలు లేరంటే ఎలా రామకాంత్? లేనివాళ్ళు శాంపిల్ ఎలా ఇచ్చారు?" అంది మేడమ్.

"కూలి జనం మేడమ్. ఇవాళ మిరప కోతలంటారు, రేపు చీమకుర్తి క్వారీ అంటారు. ఎటుపోయారో ఎవరికి తెలుసు?"

మరియదాసు బకెట్ ఎత్తుకుని బల్ల పక్కనుంచి వెళుతూ కాగితం వంక చూశాడు. ఏడో తరగతితో బడి మానేసిన కళ్ళు కాబట్టి ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే కూడుకోవాలి. మొదటి పేరు వెంకటేశ్వరమ్మ. ఊరు ఏనుగులవారిపాలెం.

అతనికి నవ్వొచ్చింది. ఆ మనిషి ఎటూ పోలేదు. ఈపాటికి కోల్డ్ స్టోరేజి పక్క రేకుల షెడ్డులో కాళ్ళు చాపుకుని, ఎర్రటి కుప్ప ముందేసుకుని, మిరపకాయల తొడిమలు తుంచుతూ పక్కదాన్ని ఆట పట్టిస్తూ ఉంటుంది. అతని భార్యకి పినతండ్రి కూతురు. కాకపోతే ఆ పల్లెలో ఎవరూ ఆమెను వెంకటేశ్వరమ్మ అని పిలవరు. చర్చిలో పెట్టిన పేరు సంతోషకుమారి. వెంకటేశ్వరమ్మ అనేది రేషన్ కార్డుకీ, ఆధార్ కార్డుకీ, కులం సర్టిఫికెట్టుకీ. ఆ పల్లెలో ఇంటింటికీ అంతే, మనిషికి ఒక పేరు, కాగితానికి ఒక పేరు. చర్చి పేరు కాగితం మీదికెక్కితే ఎస్సీ సర్టిఫికెట్టు ఊడుతుందని ప్రతి తల్లీ పిల్లలకి నడకతో పాటే నేర్పుతుంది. పక్క ఊళ్ళో రెండేళ్ళ కిందట విచారణ జరిగింది. అప్పట్నించీ చేతిలో కాగితం పట్టుకుని ఎవడొచ్చి కార్డు పేరుతో అడిగినా, పల్లె మొత్తం ఒకటే మాట: అలాంటివాళ్ళు లేరు.

ఇది చెప్పడానికి ఒక్క నిమిషం పడుతుంది. మరియదాసు చెప్పలేదు. మంచు బకెట్ తీసుకెళ్ళి పెరట్లో కుమ్మరించి, బీడీ వెలిగించాడు.

మూడుసార్లు మనుషుల్ని పంపారట. జీపుల్లో, మెళ్ళో కార్డులేసుకున్న కుర్రాళ్ళని పంపారు. ఇరవై రెండేళ్ళ నుంచి పల్లెలన్నీ తిరిగినవాడు ఆఫీసులోనే ఉంటే, వాణ్ణి ఫ్రీజరు గోకమన్నారు. అడగనివాళ్ళకి చెప్పడానికి తనకేం పట్టింది? పైగా చెప్పాలంటే ముందు తన సంగతి చెప్పాలి. ఆఫీసు రిజిస్టరులో అతను అంకయ్య. ఆ పేరుతోనే, ఆ సర్టిఫికెట్టుతోనే ఈ అటెండరు ఉద్యోగం వచ్చింది. ఇంకా ఆరేళ్ళ సర్వీసుంది.

మంగళవారం మధ్యాహ్నం దాకా ఆ మాట ఎవరికీ చెప్పకుండా తిరిగాడు. వైరస్ సంగతి అతనికి ఎంతో కొంత తెలుసు. ఆ క్రిమి ఆడవాళ్ళ గర్భసంచి ముఖద్వారంలో ఏళ్ళ తరబడి ఊరికే కూర్చుని, ఎప్పుడో క్యాన్సరుగా లేస్తుంది. మేడమ్ ఈ సంస్థకి వచ్చిన కొత్తలో చీమకుర్తి క్వారీ కూలీల కళ్ళెలో క్షయ క్రిములు వెతికేది. ఆ కళ్ళె డబ్బాలు మోసింది మరియదాసే. తర్వాత ఆమె క్యాన్సరు గడ్డల మీదికి మళ్ళింది. టీబీ వాళ్ళు ఆమెను వదిలేసిపోయిందన్నారు, క్యాన్సరు వాళ్ళు మా మనిషి కాదన్నారు. "అంకయ్యా, క్రిములకొక గది, క్యాన్సరుకొక గది అని మనం కట్టుకున్నాం. ఒంట్లో ఆ గోడల్లేవు," అని ఒకసారి ఆమె అంటే, అతనికి అర్థమైంది. అలాంటి గోడల సంగతి అతనికి ఒకరు చెప్పక్కర్లేదు.

గాజు తలుపు వెనక కూర్చుని, చేతులకి తొడుగులేసుకుని, చుక్కలు చుక్కలుగా ఏదో గొట్టాల్లో వేస్తోంది మేడమ్. జుట్టు సగం తెల్లబడింది. జూన్‌లో రిటైరవుతుంది. ఈ రిపోర్టు నిలబడితే ఇంకో రెండేళ్ళు పొడిగిస్తారని ఆఫీసులో అనుకుంటున్నారు.

"మేడమ్, ఆ పద్నాలుగు మందీ ఉన్నారండి," అన్నాడు మరియదాసు తలుపు తోసుకుని వెళ్ళి.

"ఏ పద్నాలుగు?"

"మీ కాగితంలో లేనోళ్ళు."

ఆమె చేతిలో చుక్క పడాల్సిన చోట పడింది. తర్వాత గొట్టం స్టాండులో పెట్టి, తొడుగులు తీసి, స్టూలు ఇటు తిప్పుకుంది.

"నీకెవరు చెప్పారు?"

"ఒకళ్ళు చెప్పేదేంటండీ. శాంపిల్స్ తీసిన ఆదివారాలు చర్చి అరుగు మీద కూర్చుని గొట్టాలకి చీటీలు అంటించింది నేనే కదా. ఆధార్ కార్డులో ఏ పేరుంటే అదే రాయమన్నారు, రాశాను. ఆ పేర్లతో ఆ పల్లెలో అడిగితే కుక్క కూడా తోక ఊపదు."

ఆ ఆదివారాల సలహా కూడా అతనిదే. తొడిమలు తుంచిన చేతులతో ఆడవాళ్ళు ఆ సన్నటి బ్రష్ పట్టుకుని తమ శాంపిల్ తామే తీసుకుంటే మంట తట్టుకోలేక పరుగెత్తుతారని, శనివారం చేతులకి కొబ్బరినూనె పట్టించి సబ్బుతో రుద్దుకుని చర్చికొచ్చిన రోజు తీయాలని చెప్పాడు. అప్పుడు విన్నారు. రిపోర్టులో ఎవరి పేరు మీద రాసుకున్నారో అతనికి తెలియదు.

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు అంకయ్యా?"

"నన్నెవరడిగారండీ?"

"కార్డు పేరు తప్ప ఇంకోటి రాయొద్దన్నది నేనే," అంది మేడమ్.

"అవునండి. చీమకుర్తిలో చిన్నమ్మాయి అనే పేరున్న ముగ్గురి డబ్బాలు కలిసిపోయినయ్యని అప్పుడు రూలు పెట్టారు."

"కార్డు పేరు మనిషీ, ఊళ్ళో ఉన్న మనిషీ ఒకళ్ళేనని నీకెలా తెలుసు?"

"నా పేరేంటండీ?"

ఆమె అయోమయంగా చూసింది. "అంకయ్య."

"మా ఇంటికెళ్ళి అంకయ్య ఉన్నాడా అని మా ఆవిణ్ణి అడగండి. అలాంటోళ్ళు లేరని తలుపేసుద్ది. నేను మరియదాసునండి. మీ చెవిలో ఉన్నంతవరకు ఇది మాట. కాగితం మీదికెక్కితే నా ఉద్యోగం పోద్ది."

ఆమె తల ఊపింది. మళ్ళీ తొడుగులు వేసుకోబోయి, ఆగి, "రేపు పొద్దున్నే వ్యాన్ చెప్పు," అంది.

బుధవారం ఎండ ఎక్కేలోపే వ్యాన్ ఏనుగులవారిపాలెం చేరింది. మరియదాసు దాన్ని ఊరి బయటే, పత్తి కట్టెలు మోపులు కట్టి పెట్టిన చోట ఆపించాడు. బోర్డున్న బండి పల్లెలోకి వస్తే ఆడవాళ్ళు షెడ్డు వెనకనుంచి పోతారు. అక్కణ్ణించి నడిచారు. నల్లరేగడి దుమ్ము మేడమ్ చీర అంచుకి పట్టింది. షెడ్డు గుమ్మంలో అడుగు పెట్టగానే ఘాటు ముక్కుకి తగిలి ఆమె తుమ్మడం మొదలుపెట్టింది. ఆగకుండా తొమ్మిదో పదో తుమ్మింది.

"తుమ్మనీయండే, ఊరికే దిష్టి తీసిపెడుతున్నాం మేడమ్‌కి," అంది కుప్పల మధ్యనుంచి ఒక గొంతు. నలభై మంది ఒక్కసారి నవ్వారు.

ఆ గొంతు సంతోషకుమారిది. ముక్కుకీ నోటికీ తువ్వాలు చుట్టుకుంది. కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. వేళ్ళు ఆగలేదు. ఎడమ చేత్తో కాయ, కుడిచేతి గోటితో తొడిమ. కాయ ముందుకి, తొడిమ వెనక్కి.

"ఏం బావా, చల్లటి గదిలో మంచు గోకేవాడివి, ఎండన పడ్డావేంటి? కరిగిపోతావు."

"నీతో పనుండి వచ్చాలేవే. లే ఒకసారి."

"నేను లేస్తే నా తూకానికి పడే కూలి నువ్వు ఇస్తావా?"

అంటూనే లేచింది. ముగ్గురూ షెడ్డు వెనక లారీ నీడలో నిలబడ్డారు. మేడమ్ దాచకుండా చెప్పింది. వైరస్ ఉందని, ఆ వైరస్ రకాల్లో ఇది మొండిదని, ఇంకా క్యాన్సరు అయి ఉండకపోవచ్చని, ఆస్పత్రిలో లేడీ డాక్టరు చూసి మచ్చ ఉంటే వేడి మొనతో కాల్చేస్తుందని, పావుగంట పని అని. వదిలేస్తే ఏమవుతుందో కూడా చెప్పింది.

సంతోషకుమారి తువ్వాలు విప్పింది. ముప్పై ఎనిమిదేళ్ళ మొహం ఒక్క నిమిషం నవ్వు లేకుండా కనిపించింది.

"ఆ గొట్టం మీద ఉన్నది వెంకటేశ్వరమ్మ కదా. నేను సంతోషకుమారిని."

"బావనే, నా దగ్గర కూడానా?" అన్నాడు మరియదాసు.

"నీ దగ్గర కాదు బావా, ఆమె దగ్గర. మా పిల్ల మహిమకి టీచరు ఉద్యోగం వచ్చింది. వచ్చే వారం సర్టిఫికెట్ల విచారణకి తహసీల్దారు ఆఫీసోళ్ళు వస్తున్నారు. తల్లి ఒకచోట వెంకటేశ్వరమ్మ, ఒకచోట సంతోషకుమారి అని ఎవడన్నా ఒక్క కాగితంలో కలిపి చూశాడంటే దాని బతుకు ఈ షెడ్డులోనే. నాకు రోగమొస్తే నేను పోతా. ఆ పిల్లని ఈ కుప్ప ముందు కూర్చోబెట్టి పోవాలా?"

"ఆస్పత్రి చీటీ సంతోషకుమారి పేరుతోనే రాయిస్తాం. మా కాగితంలో ఆ పేరు రాదు. రెండూ కలిపే కాగితం నేను తయారు చెయ్యను," అంది మేడమ్.

"మీరు చెయ్యరు. మీ పైనోళ్ళు?"

"అది శుక్రవారం మీటింగులో తేలుతుంది," అంది మేడమ్.

"అయితే శుక్రవారం అక్కడ ఏం రాస్తారో తెచ్చి చూపించండి. అప్పుడు చెప్తా. లోపలున్న వీళ్ళ పిల్లలకి ఉద్యోగాలూ లేవు, విచారణా లేదు. వీళ్ళని ఆపను." మరియదాసు మెల్లగా కార్డు పేరు చెబుతుంటే షెడ్డు వైపు తిరిగి ఒక్కొక్క పేరే పిలిచింది. చర్చి పేర్లు. మరియదాసు దగ్గరున్న జాబితాలో ఒక్కటి కూడా లేని పేర్లు. పిలిచిన వాళ్ళు చీర కొంగులు దులుపుకుంటూ ఒకరి వెనక ఒకరు బయటికొచ్చారు. మూడుసార్లు జీపులొచ్చినా దొరకనివాళ్ళు పదమూడు మంది, కాలక్షేపం దొరికిందన్నట్టు పళ్ళికిలించుకుంటూ నిలబడ్డారు.

"ఎందుకే పిలిచావు? సినిమాకా?" అంది ఒకామె.

"ఆస్పత్రికి. కొత్త చీరలు కట్టుకోండి, ఫొటోలు తీయరులే," అంది సంతోషకుమారి.

గురువారం రెండు దఫాలుగా వ్యాన్ తిరిగింది. ఆస్పత్రిలో లేడీ డాక్టరు లిడియా పదమూడు మందినీ చూసింది. తొమ్మిది మందికి మచ్చలున్నాయి. ఆ తొమ్మిదింటినీ ఆ పూటే కాల్చింది. బయట బెంచీ మీద కూర్చుని మరియదాసు ఓపీ చీటీలు అందించాడు. వేదశ్రీ మేడమ్ కాల్చకముందే ప్రతి ఒక్కరి దగ్గరా మళ్ళీ బ్రష్‌తో శాంపిల్ తీయించుకుని పట్టుకెళ్ళింది. శుక్రవారం పొద్దున మరియదాసు వచ్చేసరికి, రాత్రి ఇంటికెళ్ళకుండా మిషను ముందే కూర్చుని ఉంది. పదమూడు గొట్టాల్లోనూ పాత గొట్టాల్లో దొరికిన రకం వైరస్సే మళ్ళీ దొరికింది. మనుషులు వాళ్ళే. సైన్సు ఆ మాట చెప్పింది. ఇంకేం కావాలి అనుకున్నాడు మరియదాసు. ఇవాళ ఈమె పోట్లాడుతుంది, పద్నాలుగునీ లెక్కలోకి ఎక్కిస్తుంది, ఎక్కించేటప్పుడు రెండు పేర్లూ కలిపే కాగితం అడుగుతారు.

పదకొండింటికి మీటింగు. గోడమీది తెరలో ఛైర్మన్, ఇంకో ఇద్దరు. ఈవైపు మేడమ్, రామకాంత్. మరియదాసు టీలు పట్టుకెళ్ళాడు.

"చాలా సంతోషం డాక్టర్ వేదశ్రీ. టీబీ నుంచి ఇక్కడిదాకా మీ ముప్పై ఏళ్ళ పనికి ఇది కిరీటం లాంటిది. పద్నాలుగు మంది దొరికారు, పదమూడు మందికి పరీక్ష, అవసరమైనవాళ్ళకి వైద్యం పూర్తి. మాకు కావలసింది ఒక్క కాగితం. కార్డు పేరు ఇటు, దొరికిన మనిషి పేరు అటు. అంతే," అన్నాడు ఛైర్మన్.

"ఆ కాగితం లేదండి. వైరస్ రకాలు పోల్చి చూపించాను. పదమూడూ సరిపోయాయి."

"అది మంచి పనే. కానీ ఒకే రకం ఇద్దరికి ఉండొచ్చు కదా. గుర్తింపు కార్డు కావాలి. ఎవరో ఒకరు పోల్చి ఉంటారుగా?"

"అంకయ్యకి తెలుసు సార్. వెంటబెట్టుకుని వెళ్ళింది అతనే," అన్నాడు రామకాంత్. వెనక్కి తిరిగి, "చెప్పు అంకయ్యా, వాళ్ళెవరో ఒక్కొక్కళ్ళ పేరే చెప్పు, నేను రాసుకుంటా," అన్నాడు.

తెరలో ముగ్గురూ అతని వంక చూశారు. ఇరవై రెండేళ్ళలో ఆ గదిలో అతన్ని ఎవరైనా ఏదైనా అడగడం అదే మొదలు. అడిగింది మాత్రం ఇది.

మరియదాసు టీ కప్పు రామకాంత్ ముందు పెట్టాడు.

"నాకేం తెలుసండీ. ఏడో తరగతి చదివినోణ్ణి. చీటీ ఇస్తే అంటిస్తా."

"నిన్న, మొన్న వెళ్ళావు కదా మేడమ్‌తో?"

"ఐస్ డబ్బా మోయడానికెళ్ళానండి. పేర్లు అడగడానికి నేనెవణ్ణి? అది ఆఫీసర్ల పని."

"అంకయ్యా, ఇది ఉద్యోగంలో మాట. సరిగ్గా చెప్పు."

"ఉద్యోగంలో ఉండే చెప్తున్నానండి. తెలియదు."

తెరలో ఛైర్మన్ కళ్ళజోడు సర్దుకున్నాడు. "సరే. గుర్తింపు లేకపోతే నిబంధన ప్రకారం ఆ పద్నాలుగు మందీ జాడ తెలియనివాళ్ళ కిందే లెక్క. దాదాపు సగం మంది జాడ లేకపోతే ఈ అధ్యయనాన్ని అసంపూర్ణం అనక తప్పదు. మీ పొడిగింపు కూడా దీంతోనే ముడిపడి ఉంది. ఆలోచించుకోండి."

మేడమ్ రామకాంత్ ముందున్న ఫైలు తన వైపు లాక్కుంది. సోమవారం నాటి కాగితం పైనే ఉంది. పొద్దున వచ్చినప్పుడు మరియదాసు ఏదైతే జరుగుతుందనుకున్నాడో అది జరగలేదు. ఆమె పోట్లాడలేదు. పెన్ను మూత తీసి, "జాడ తెలియనివారు" అన్న గడిలో పద్నాలుగు అంకె దగ్గర టిక్కు పెట్టి, కింద సంతకం చేసింది. సంతకం కింద ఇంకో రెండు వరసలు రాసి పైకి చదివింది.

"కార్డు పేర్లతోనే వెతకాలన్న నిబంధన నాది. ఆ తప్పు నాదే, ఆ ఆడవాళ్ళది కాదు."

"ఇది రికార్డులోకి ఎక్కుతుంది మేడమ్," అన్నాడు రామకాంత్ చిన్నగా.

"ఎక్కనీ. ఒక నకలు తీసి ఇవ్వు. తెలుగు ఫారం మీద కూడా రాసిస్తాను."

"పేర్లు చెబితే అయిపోయేదానికి ముప్పై ఏళ్ళ పని పాడుచేసుకుంటున్నారు."

"పనికేమీ కాలేదు. తొమ్మిది మచ్చలు కాల్చాం. నువ్వు రాసుకోవడానికి వీల్లేదు, అంతేగా," అని ఆమె లేచింది. అరవైకి దగ్గరైన మనిషి, రాత్రంతా కుర్చీలో కూర్చుని నడుము పట్టుకుపోయి, బల్ల అంచు పట్టుకుని లేచింది.

అధ్యయనం మూసేశారు కాబట్టి వ్యాన్ లేదన్నారు. మరియదాసు సంతోషకుమారికి కబురు పెట్టాడు, ఆటో మాట్లాడాడు. షెడ్డు చేరేసరికి మూడు దాటింది. మహిమ వచ్చి తల్లి పక్కన నిలబడి ఉంది. చదువుకున్న పిల్ల. కాగితం అందుకుని ముందు ఇంగ్లీషుది, తర్వాత తెలుగుది చదివింది. వెనక్కి తిప్పి చూసింది. వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసింది. మేడమ్ తుమ్ములు ఆపుకుంటూ నిలబడింది.

"అమ్మా, ఇందులో ఎవరి పేరూ లేదు. జాడ తెలియనివారు పద్నాలుగు అని ఉంది. మేడమ్ సంతకం ఉంది."

"పదమూడు మందినీ ఆస్పత్రిలో చూశారుగా?"

"అది రాయలేదు."

సంతోషకుమారి వేళ్ళు మొదటిసారి ఆగాయి. మేడమ్ వంక పైనుంచి కిందికి చూసింది.

"మరి మీకేమొచ్చింది దీంట్లో?"

"జూన్ దాకా జీతమొస్తుంది," అంది మేడమ్.

"మా కంటే అన్యాయంగా ఉన్నారే మీరు."

మేడమ్‌కి నవ్వూ తుమ్మూ ఒకేసారి వచ్చాయి. షెడ్డంతా నవ్వింది. సంతోషకుమారి మాత్రం నవ్వలేదు. ఒళ్ళో కాయలు కుప్పలోకి దులిపి, మహిమ తెచ్చిన సీసాలోంచి కొబ్బరినూనె చేతుల్లో పోసుకుని మోచేతుల దాకా పట్టించింది. తొట్టి దగ్గరికి వెళ్ళి సబ్బుతో రుద్దుకుంది. గోళ్ళ సందుల్లో మళ్ళీ రుద్దింది. చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది.

"అయితే గవర్నమెంటు లెక్కలో నేనెక్కడా లేనన్నమాట."

"ఎక్కడా లేవు," అన్నాడు మరియదాసు.

"లేనిదానికి భయమేంటి బావా. ఆటో ఆస్పత్రికి తిప్పమను." రెండడుగులు వేసి షెడ్డులోకి తిరిగి చూసింది. "నా కుప్ప మీద ఎవతైనా చెయ్యేస్తే ఊరుకోను. చీకటి పడేలోపు వచ్చి తూకం వేయించుకుంటా."